రెండో పహరా

పన్నెండింటికి మాణిక్యం తలుపు పక్కనుంచి లేచింది.
"ఇంక నీ డ్యూటీ అన్నా" అంది.
పట్టాళంలో అయితే తుపాకి చేతులు మారేది.
ఇక్కడ మారింది టార్చిలైటు, మాత్రల చీటీ,
ఉప్పేసిన మజ్జిగ చెంబు.

ఏసుపాదం ఒంగోలు ఆస్పత్రి నుంచి వచ్చి ఇది నాలుగో రాత్రి.
డాక్టరమ్మ చెప్పి పంపింది:
ఒళ్ళు ఊరుకుంది, ఇంక మనసు అడుగుద్ది,
రాత్రిపూట ఒక్కణ్ణే వదలొద్దు.

మంచం మీద వాలాడే కానీ
వేళ్ళు దుప్పటి అంచుని
మేగజీన్లో తూటాలు నింపినట్టు
ఒక్కొక్క మడతే నొక్కుతున్నాయి.
నేను చూడనట్టు చూస్తున్నాను.
నా వేళ్ళూ అట్టాగే నొక్కాయి,
మూడేళ్ళ కిందట.

వీధి చివర పలకల ముక్కల దిబ్బ.
మార్కాపురం ఎండని పగలంతా తాగి
ఆ రాయి ఇంకా సెగ కక్కుతోంది.
ఇంత సెగలో వీడికి దుప్పటి కావాలి.
పైన, మంచులో, చలికని పోశారు,
కొలిచి, మూతతో.
అప్పుడది మందే.
కొండ దిగాం, రైలు దిగాం,
పెన్షను పుస్తకం తెచ్చుకున్నాం.
చలి మాత్రం దిగలేదు.

నాకు ఒక్కసారి చెప్పాడు, ఒకే ఒక్కసారి.
మంచు తవ్వితే ముందు దొరికింది బూటంట.
లేసు బిగించే ఉందంట.
"పొద్దున నేనే కట్టానన్నా,
వాడి వేళ్ళు కొంకర్లు పోతుంటే."
ఆ తర్వాత మాట లేదు.
ఆ ముడి విప్పటానికే
పదకొండేళ్ళు తాగాడు.

ఊరికి ఇదంతా ఎందుకు?
ఊరికి కావాల్సింది మిల్ట్రీ సరుకు.
పెళ్ళికి రెండు, పంచాయతీ గుమాస్తాకి ఒకటి,
కరెంటు మీటరు మార్చినందుకు ఒకటి.
కాంటీన్ కార్డుని చూసి పలకరించినంతమంది
మా ముఖాలు చూసి పలకరించలేదు.

ఒంటిగంటకి అడిగాడు,
"అన్నా, నీకెన్ని రోజులు?"
సంచిలోంచి నా పలక తీసి చూపించాను.
బలపంతో, నూట నలభై రెండు.
"మూడేళ్ళన్నావు?"
మూడేళ్ళే. మధ్యలో రెండుసార్లు తుడిచాను.
ఒకసారి రెండొందల పదకొండు దగ్గర,
మా తమ్ముడి పెద్దదినం నాడు.
చిన్నప్పటిలా ఎంగిలితో తుడిచి
మళ్ళీ ఒకటి వేశాను.
చెరిగింది అంకె నాయనా,
రాయి కాదు.

వాడు పలక మీద అరచెయ్యి ఆనించాడు.
చల్లగా ఉందన్నాడు.
కాసేపటికి, బాగుందన్నాడు.

నాలుగింటికి గేటు గొళ్ళెం కదిలింది.
ఒకటో తారీఖు. కాంటీన్‌కి మొదటి బస్సు వేళ.
మడిచిన సంచితో మాణిక్యం తమ్ముడు దావీదు.
నేను లేవబోయాను.
ఏసుపాదం నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.
లుంగీ బిగించి, వట్టి కాళ్ళతో
వాకిట్లోకి నడిచి
మడమలు కలిపి నిలబడ్డాడు.

"థమ్! కౌన్ ఆతా హై?"

కుక్కలు లేచాయి.
ఆ గొంతు ఈ వీధి ఎప్పుడూ వినలేదు.
మాణిక్యం కూడా వినలేదు,
జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలోకి వచ్చేసింది.
సంచి వెనక్కి దాచుకుని దావీదు నసిగాడు,
"నువ్వు తాగొద్దులే బావా, మాకోసమే, ఊరికే కార్డు..."
అక్కడ 'దోస్త్' అనాలి.
దావీదుకి ఆ జవాబు తెలీదు.
కాసేపు నిలబడి, తలొంచుకుని,
గొళ్ళెం తనే పెట్టుకుని పోయాడు.

లోపలికొచ్చాక మొదలైంది వణుకు.
మజ్జిగ సగం చొక్కా మీదే పోసుకున్నాడు.
నేనూ తుడవలేదు, మాణిక్యమూ తుడవలేదు.
దూరంగా రోడ్డు మీద హారన్.
"పోయిందా?"
పోయింది.
"ఇంకోటి ఎనిమిదింటికి ఉందన్నా."
తెలుసు.
ఆరు నుంచి మాణిక్యం డ్యూటీ.
నేనూ ఉంటాలే.